కత్తెర నకలు మీదే పడాలి

అసల్, నకల్. ఈ రెండు మాటలూ మన ఉర్దూ దారినే తెలుగు కచేరీల్లోకి వెళ్లి అసలు, నకలు అయ్యాయి. భూమి కాగజాత్ విషయంలో ఈ తేడా మనవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నకలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాం, అసలు మాత్రం బీరువా దాటి బయటికి రాదు. అదే ఇంట్లో దాదా, దాదీ కలిసి ఉన్న ఒకే ఒక్క తస్వీరు దగ్గరికొచ్చేసరికి ఈ ఎహతియాత్ ఏమైపోతుందో తెలీదు. ఫోన్లో తెరుస్తారు, నాలుగు అంచులూ లోపలికి జరుపుతారు, సేవ్ నొక్కేస్తారు. వాట్సాప్ డీపీకి సరిపోయింది కదా, ఖుష్.

పత్రికాఫీసుల్లో పాత పద్ధతి ఇలా ఉండేది కాదు. ఫోటో ప్రింటు అంచుల మీద పెన్సిల్ గీతలు పెట్టి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వేయాలో చెప్పేవాళ్లు. నెగెటివ్ కవర్లో అలాగే ఉండేది. రేపు ఇంకో పేజీకి అదే ఫోటో నిలువుగా కావాలంటే మళ్లీ తీసేవాళ్లు. ఇవాళ కంప్యూటర్ వాళ్లు ‘నాన్ డిస్ట్రక్టివ్ క్రాపింగ్’ అని భారీ పేరు పెట్టింది ఈ పనికే. లైట్‌రూమ్‌లో ఫోటో కత్తిరిస్తే ఫైలు మీద కత్తెర పడదు. ‘ఇక్కడి నుంచి ఇక్కడిదాకా చూపించు’ అనే హుకుం మాత్రమే విడిగా రాసి పెట్టుకుంటుంది. పదేళ్ల తర్వాత తెరిచినా మొత్తం ఫోటో మళ్లీ వస్తుంది. ముఫ్త్‌గా దొరికే డార్క్‌టేబుల్ కూడా అంతే. ఫోటోషాప్‌లో అయితే క్రాప్ పనిముట్టు తీసుకున్నప్పుడు పైన ‘డిలీట్ క్రాప్డ్ పిక్సెల్స్’ అని ఒక గడి ఉంటుంది, అందులో టిక్కు తీసేయాలి. ఐఫోన్‌లో ‘రివర్ట్’ నొక్కితే అసలు తిరిగొస్తుంది. మిగతా ఫోన్లలో ఒక్కో గ్యాలరీది ఒక్కో తరీఖా. ‘సేవ్ యాజ్ కాపీ’ కనిపిస్తే కళ్లు మూసుకుని అదే నొక్కండి.

లెక్క కూడా చూడండి. 12 మెగాపిక్సెల్ ఫోటోని వెడల్పులో సగం, ఎత్తులో సగం కోస్తే మిగిలేది 6 కాదు, 3. ఫోన్ తెర మీద బాగానే ఉంటుంది. గోడకి పెద్ద ఫ్రేము కట్టిద్దామంటే మాత్రం మొహాలు మసకగా వస్తాయి.

అయితే నా జిద్దు పిక్సెల్స్ గురించి కాదు. మన ఖాందాన్లలో పాత తరం ఆడవాళ్ల ఫోటోలు చాలా తక్కువ. ఉన్నవాటిలో కూడా వాళ్లు మధ్యలో ఉండరు. దూల్హా పక్కన మామూలు, చాచాలు నిలబడితే, ఒక మూల తలుపు పర్దా పట్టుకుని ఒక ఫుప్పూ, చంకలో బిడ్డతో ఒక ఖాలా. కత్తెర ముందు పడేది ఆ మూల మీదే. ‘బీచ్‌లో ఉన్నవాళ్లు చాలు, అంచులు తీసేయ్’ అని స్టూడియోవాడికి చెప్పేస్తాం. ఆ ఖాలాకి అదొక్కటే ఫోటో అయ్యుంటుందని, ఆమె మనవరాలు దాని కోసం వెతుక్కుంటూ వస్తుందని ఎవరికి ఖయాల్ ఉంటుంది?

‘భాయ్, మేం కోసేదే పర్దా కోసం. అసలు ఉంచేస్తే ఇక కోసి ఏం ఫాయిదా?’ అని అడిగేవాళ్లుంటారు. సవాలు సరైనదే. ఎందుకంటే ఇలా కోసింది దాచినట్టు కాదు. దాచాలంటే వేరే పని చేయాలి, అక్కడే మనవాళ్లు దెబ్బ తింటున్నారు.

రిష్తా బయోడేటా తీసుకోండి. చాలా ఇళ్లలో దాన్ని వర్డ్‌లోనే చేస్తారు. చెల్లెళ్లతో, వదినలతో దిగిన ఫోటో పెట్టి, అందరినీ కోసేసి, అమ్మాయి మొహం మాత్రం ఉంచుతారు. ఆ ఫైలు నాలుగు ఊళ్లు తిరుగుతుంది. అవతలివాళ్లు ఆ ఫోటో మీద క్లిక్ చేసి క్రాప్ నొక్కితే, కోసేశామనుకున్న వదినలందరూ బయటికొస్తారు. వర్డ్ తనంతట తాను ఆ ముక్కల్ని పారేయదు. ‘కంప్రెస్ పిక్చర్స్’లోకి వెళ్లి కోసిన భాగాలు తీసేయమని మనమే చెప్పాలి. ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్ చేసేటప్పుడు ‘ఆల్ ఫోటోస్ డేటా’ ఆన్ చేసి ఉంటే అసలు కూడా వెంట వెళ్తుంది. 2023 మార్చిలో ఇంకో సంగతి బయటపడింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో, విండోస్‌లోని స్క్రీన్‌షాట్ పనిముట్లలో ఒక లోపం వల్ల, కోసి సేవ్ చేసిన ఫైలు చివర పాత ఫోటో తాలూకు డేటా అలాగే ఉండిపోయింది. దాంతో కోసేసిన భాగాన్ని కొంతవరకు తిరిగి తీయగలిగారు. ఆ లోపాన్ని సరిచేశారు, కానీ అంతకుముందు పంపేసినవి పంపేసినట్టే.

కాబట్టి బయటికి పంపేది ఎప్పుడూ కొత్తగా ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్ అయ్యుండాలి. అంత ఝంఝట్ వద్దనుకుంటే, కోసిన తర్వాత వాట్సాప్‌లో ఫోటోగా పంపండి, డాక్యుమెంటుగా వద్దు. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కొత్తగా చిన్నది చేసి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

ఇక శాదీ ఫోటోలు. ఆల్బమ్‌లో జనానా వైపు ఫోటోలు జాగ్రత్తగా కోసి, ఏరి పెట్టారని మనం ఇత్మినాన్‌గా ఉంటాం. ఫోటోగ్రాఫర్ లైట్‌రూమ్‌లో పని చేసుంటే ఆ ఫోటోల అసళ్లు ఏమీ కోయకుండా అతని హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి. అతని నియ్యత్ మీద నాకు షక్ లేదు, చాలామంది షరీఫ్ మనుషులే. కానీ ఆ డిస్కు రిపేరుకి వెళ్తుంది, అసిస్టెంట్లు మారతారు, షాపు చేతులు మారుతుంది. మన ఆడవాళ్ల అమానత్ మన ఇంట్లో లేదు, అతని బల్ల కింద ఉంది. బయానా ఇచ్చేటప్పుడు బిర్యానీ దేగుల గురించి గంటసేపు మాట్లాడతాం కదా, ఫోటోగ్రాఫర్‌తో ఐదు నిమిషాలు ఈ సంగతి మాట్లాడండి. కోయని ఫోటోలన్నీ మన డ్రైవులోకి ఎక్కించి ఇవ్వాలి. ఆల్బమ్ చేతికొచ్చాక ఇన్ని రోజుల్లో తన దగ్గరున్నవి తీసేయాలి. రెండూ రసీదు మీదే రాయించుకోండి. మన డ్రైవుని కూడా ఒకటి కాదు, రెండు చేసి, రెండోది అక్క ఇంట్లోనో ఫుప్పూ ఇంట్లోనో పెట్టండి.