ఎముకకూ రోడ్డు కావాలి

మా నాయన కాలు విరిగి ఏడు నెలలైంది. పాల క్యాన్లు కట్టుకుని ఎక్సెల్ మీద పోతా జారి పడినాడు. చీలమండకు బెత్తెడు పైన విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. అయినా మొన్నటి ఎక్స్‌రేలో ఆ గీత అట్లనే ఉంది.

మాది పుత్తూరు పక్క ఊరు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు కోసం తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. ఇటు తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. అందుకే మా ఇంటికి పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషీ ఒక ఎముకల డాక్టరే! ఇంతలో మా మామ వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపినాడు: 'స్టెమ్ సెల్ ఇంజెక్షన్, ఒక్క డోసుతో ఎముక అతుకుతుంది'. ఖర్చు లక్షల్లో. మా అమ్మ చేతి గాజులు తీసి నా ముందు పెట్టింది. "నువ్వు చదువుకున్నోడివి కదా నాయనా, ఇది నిజమో కాదో చూసి చెప్పు" అనింది.

నేను చదివింది ఇంజనీరింగ్, డాక్టరీ కాదు. అయినా గాజులు ఎదురుగా ఉన్నాయి కాబట్టి కూర్చుని చదివాను.

స్టెమ్ సెల్స్ అంటే మూలకణాలు. ఎముక మజ్జలో ఉండే ఒక రకం మూలకణాలకు సరైన సంకేతం అందితే అవి ఎముక కట్టే కణాలుగా మారతాయి. ఇది నిజమే. మరి వాటిని ఒక స్పాంజిలాంటి అచ్చులో నింపి, విరిగిన చోట పెడితే సరిపోదా? సరిపోదు. కణానికి ఆక్సిజన్ కావాలి. అది రక్తనాళం నుంచి ఊరుకుంటూ మహా అయితే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దూరం పోతుంది. అంతకంటే లోపల ఉన్న కణాలు ఎముక కట్టే లోపే చచ్చిపోతాయి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, సర్వర్లన్నీ కొన్నారు గానీ కరెంటు లైను లాగలేదు.

అందుకే శాస్త్రవేత్తలు రక్తనాళాల లోపలి గోడకు పరుచుకుని ఉండే ఎండోథీలియల్ కణాలను కూడా తోడు తెచ్చారు. కాన్పు తర్వాత పారేసే బొడ్డుతాడు సిరలోంచి వీటిని తీయొచ్చు. మూలకణాలతో కలిపి పెంచితే ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి. మూలకణాలు 'వీఈజీఎఫ్' అనే ప్రోటీన్ వదిలితే నాళాల కణాలు పెరిగి గొట్టాలుగా అల్లుకుంటాయి. నాళాల కణాలు 'బీఎంపీ-2' లాంటి ప్రోటీన్లు వదిలితే మూలకణాలు ఎముక వైపు తిరుగుతాయి. అంటే నాళం రక్తం మోసే పైపు మాత్రమే కాదు, పక్కనుండి పని చెప్పే మేస్త్రీ కూడా. ఇట్లా అల్లుకున్న గొట్టాలను ఎలుకల్లో నాటితే, అవి ఎలుక సొంత నాళాలతో కలిసి రక్తం పారిన ప్రయోగాలు ఉన్నాయి. రెండు రకాల కణాల పాళ్లు మారితే మాత్రం ఫలితమూ మారిపోతుంది.

ఈ అనుమానం ఇప్పటిది కాదు. ఎముక పుట్టుకలో రక్తనాళాల పాత్ర గురించి జోసెఫ్ ట్రూయెటా 1963లోనే రాశారు. 2014లో అంజలి కుసుంబే, రాల్ఫ్ ఆడమ్స్ బృందం ఎలుకల ఎముకల్లో 'టైప్ హెచ్' అనే ప్రత్యేకమైన సన్న నాళాలను గుర్తించింది. ఎముక కట్టబోయే కణాలు వాటి చుట్టూనే గుమిగూడి ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ ఆ నాళాలు తగ్గిపోయాయి.

ఆపరేషన్ చేసే డాక్టర్లు కూడా ఇదే సూత్రం వాడుతున్నారు. ఎముకలో పెద్ద ముక్కే పోయినప్పుడు, కాలి పక్క సన్న ఎముకను దాని ధమని, సిరతో సహా తీసి, మైక్రోస్కోప్ కింద కొత్త చోట రక్తనాళాలకు కుడతారు. 1975 నుంచి ఈ పద్ధతి ఉంది.

ఇదంతా చదివాక నాయన కాలు నాకు అర్థమైంది. చీలమండకు పైన కండ తక్కువ, కాబట్టి ఎముకకు చుట్టుపక్కల నుంచి అందే రక్తమూ తక్కువే. దానికి తోడు బీడీలు. నికోటిన్ రక్తనాళాలను బిగబడుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు లాక్కుంటుంది. డాక్టర్ మొదటి రోజే "బీడీ తాగుతారా?" అని అడిగితే నాయన ఫ్యాను వైపు చూసినాడు. ఆ ప్రశ్న ఊపిరితిత్తుల గురించి అనుకున్నాను. అడిగింది ఎముక గురించి.

ఇక మెసేజ్ సంగతి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం ఉన్న చికిత్సలు తప్ప మిగతా స్టెమ్ సెల్ ప్రయోగాలన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లోనే జరగాలి. మీ ఇంటికీ ఇట్లాంటి మెసేజ్ వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఈ జబ్బుకు ఈ చికిత్సకు ఆమోదం ఉందా? ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ నంబర్ ఏది? ఆ కణాలకు రక్తం ఎట్లా అందుతుంది? నేను ఫోన్ చేసి అడిగాను. మూడో ప్రశ్నకు అవతల గొంతు "ప్యాకేజీలో అన్నీ ఉంటాయి సార్" అనింది.

ఇంకో మాట. కట్టు ఎవరు వేసినా, పిండికట్టయినా వెదురు బద్దలైనా, వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకూ పెరిగినా తెల్లారేదాకా ఆగకండి. లోపల రక్తం ఆగిపోతుండొచ్చు. వెంటనే ఆసుపత్రికి పోండి.

మా డాక్టర్ తుంటి ఎముక నుంచి కొంచెం తీసి విరిగిన చోట పెడదామన్నారు. వచ్చే నెల ఆపరేషన్. దానికి ముందు బీడీ మానాలని షరతు పెట్టారు. ఈ రోజుకు పంతొమ్మిది రోజులు. గాజులు అమ్మ చేతికే ఉన్నాయి. నాయన మాత్రం అగ్గిపెట్టె జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. ఎందుకని అడిగితే, "కరెంటు పోతే దీపానికిరా" అంటాడు.