"సర్వర్ డౌన్" అంటే సరిపోదు, లెక్క చెప్పాలి

"సర్వర్ డౌన్ తమ్ముడూ, రేపు రా." ఈ మాట వినని వాళ్ళు మన హాస్టల్లో ఎవరూ ఉండరు. నేను డిగ్రీలో చేరిన ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరు రోజు అది. ఆదాయ ధ్రువపత్రం ముందు రోజే చేతికొచ్చింది. దాన్ని ఇవ్వడానికి మా అమ్మ కూలి మానుకుని ఊరి నుంచి వచ్చింది. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా నెట్ సెంటర్లో కూర్చున్నాం. పేజీ తెరుచుకోలేదు. తర్వాత గడువు పెంచారు కాబట్టి బతికిపోయాను. వాన రాకపోవడం లాగా ఇది కూడా ఎవరి చేతిలోనూ లేదేమో అని అప్పుడు అనుకున్నాను. ఎం.సి.ఏ.కు వచ్చి సర్వర్ల గురించి చదివాక నా అభిప్రాయం మారింది. సర్వర్ చాలాసార్లు చెప్పకుండా పడిపోదు. ముందే అంకెల్లో చెబుతుంది. వాటిని చూసే మనిషి లేకపోవడమే లోపం.

మన మెస్సునే తీసుకోండి. అపాచీ టామ్‌క్యాట్ అనే సర్వర్లో మనం ఏమీ మార్చకపోతే ఒకేసారి పనిచేసే థ్రెడ్లు 200. వీళ్ళను వడ్డించేవాళ్ళు అనుకుందాం. ఒక్కో పని అర సెకనులో అయితే సెకనుకు 400 మందికి వడ్డించవచ్చు. అదే పని 10 సెకన్లు పడితే సెకనుకు 20 మందికే. మిగతావాళ్ళు పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడాల్సిందే. డేటాబేస్‌కు వెళ్ళే కనెక్షన్లు ఇంకో చిక్కు. టామ్‌క్యాట్‌తో వచ్చే పూల్‌లో మనం మార్చకపోతే అవి 8 మాత్రమే. వడ్డించేవాళ్ళు 200, గరిటెలు 8! అప్పుడు మనుషుల్ని పెంచి ఏం లాభం? ఎక్కడ ఆగిందో అంకెలు చూస్తేనే తెలుస్తుంది. పనిలో ఉన్న థ్రెడ్లు ఎన్ని, కనెక్షన్ కోసం ఆగినవి ఎన్ని, మెమరీ ఎంత మిగిలింది, తప్పులు ఎన్ని అన్నవి నిమిషనిమిషానికీ నమోదు కావాలి. 200లో 160 నిండగానే బాధ్యుడి ఫోను మోగాలి.

సగటును మాత్రం నమ్మకూడదు. 90 మందికి 1 సెకను, 10 మందికి 60 సెకన్లు పట్టాయనుకోండి. సగటు 6.9 సెకన్లు. కాగితం మీద "ఏడు సెకన్లేగా, ఫరవాలేదు" అనిపిస్తుంది. ఆ పదిమంది గోడు సగటులో కనబడదు. అందుకే నూటికి 95 మందికి ఎంతలోపు పని అయింది, మిగిలిన ఐదుగురి గతి ఏమిటి అని విడిగా చూడాలి.

డబ్బున్న దేశానికీ ఈ పాఠం తప్పలేదు. 2013 అక్టోబర్ 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్.గవ్ సైటు తెరిచింది. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగినవాళ్ళు ఆరుగురే. బాగుచేయడానికి వచ్చిన ఇంజనీర్లు తొలిరోజుల్లోనే సర్వర్ల అంకెలు ఒక తెర మీద కనబడేలా పెట్టారు. ఆ తర్వాత వందల లోపాలు సరిదిద్దారు, కొత్త యంత్రాలూ చేర్చారు. అక్టోబర్ చివర సగటున 8 సెకన్లు పట్టిన పేజీ డిసెంబర్ 1 నాటికి సెకనులోపు వచ్చింది.

"ఆఖరు రోజు దాకా ఆగడం విద్యార్థుల తప్పు కాదా?" అని కొందరు అడుగుతారు. ధ్రువపత్రం ఆలస్యంగా వచ్చినవాడు ముందే ఎలా పెడతాడు? పైగా ఆఖరు రోజు రద్దీ ప్రతి ఏటా వచ్చేదే. పండగకు బస్సులు పెంచినట్టు దీనికీ ముందే సిద్ధం కావాలి. అన్నీ కొలుస్తూ పోతే ఆ కొలతే సర్వర్‌కు భారమవుతుందన్న మాట మాత్రం నిజం. అందుకే అవసరమైన నాలుగైదు అంకెలే ఎప్పుడూ చూడాలి, లోతైన కొలతలు చిక్కు వచ్చినప్పుడే తీయాలి.

నా అభిప్రాయం ఒక్కటే. విద్యార్థుల కోసం నడిచే ప్రతి సైటూ గడువుకు ముందే రద్దీ పరీక్ష చేసుకోవాలి. ఆఖరు రోజు సర్వర్ ఎన్ని గంటలు మొరాయించిందో ప్రకటించి, గడువును కనీసం అన్ని గంటలు పెంచాలి. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాకూడదు, లెక్క ప్రకారం మనకు రావాల్సింది కావాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ లెక్కలు మనం అడగవచ్చు. అసలు నమోదే చేయకపోతే అడగడానికి ఏమీ మిగలదు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈసారి పేజీ తెరుచుకోకపోతే ఊరికే తిరిగి రాకండి. తేదీ, సమయం, తెర మీద వచ్చిన తప్పు నంబరు రాసుకోండి. కంప్యూటర్ చదివేవాళ్ళు టామ్‌క్యాట్, జేమీటర్ ల్యాబులో పెట్టి చూడండి, రెండూ ఉచితమే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు సెలవుల్లో ఒక్క పూట వచ్చి నేర్పితే చాలు. రేపు ఆ సర్వర్ల ముందు కూర్చునే ఉద్యోగం మనలో ఒకరికి రావచ్చు. ఆ రోజు తెర మీద లైను పెరుగుతుంటే, దాని చివర కూలి మానుకుని వచ్చిన ఒక అమ్మ ఉందని మనవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.