మీ రేపటి రైలే మోసగాడి ధైర్యం!

విశాఖకు వచ్చిన అతిథులారా! ఆటో సోదరులారా! బీచ్‌ని నమ్ముకుని బతికే చిరు వ్యాపారులారా! నగర ప్రజలారా!

ఆదివారం సాయంత్రం ఆర్‌కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర బయల్దేరి కురుసురా జలాంతర్గామి దాకా నడవండి. ఒడియా వినబడుతుంది, బెంగాలీ వినబడుతుంది, ఛత్తీస్‌గఢ్ హిందీ వినబడుతుంది. వరంగల్ యాస, కడప యాస, పలాస యాస సరేసరి. అందులో సముద్రాన్ని మొదటిసారి చూస్తున్న కుటుంబాలు ఎన్నో. వీళ్లందరికీ ఒక తిరుగు టికెట్టు ఉంటుంది. మోసగాడు మీ పర్సు కంటే ముందు లెక్కేసుకునేది దాన్నే. "వీళ్లు రేపు వెళ్లిపోతారు. మూడు వందల కోసం పోలీస్ స్టేషన్ మెట్లెక్కరు. పరువు తక్కువని బయట చెప్పుకోరు కూడా." వాడి పెట్టుబడి అంతా ఇదే. ఆ పెట్టుబడికి గండి కొట్టడానికే ఈ కరపత్రం.

ఇది దొంగల ఊరని చెప్పడానికి మేం ఈ కాగితం అచ్చువేయలేదు. ఆటోలో మర్చిపోయిన నగల సంచిని వెనక్కి తెచ్చిచ్చిన డ్రైవర్ల గురించి మనం పేపర్లలో చదువుతూనే ఉంటాం. అలాంటివాళ్ల పేరు చెడగొడుతున్నది పిడికెడు మంది. వాళ్ల ఆటలు సాగుతున్నాయంటే మోసపోయినవాళ్లు నోరు మెదపకపోవడం, చూసినవాళ్లు మనకెందుకులే అనుకోవడమే కారణం.

స్టేషన్ బయటే మొదలు

గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున దింపుతుంది. పిల్లలు నిద్రకళ్లతో ఉంటారు, చేతినిండా సామాను, టీ కూడా తాగలేదు. "ఎక్కడికి సార్?" అంటాడు ఒక ఆటో డ్రైవరు. ఫలానా లాడ్జి అంటారు మీరు. "అయ్యో, అది మూసేశారు సార్. రిపేర్లు. పదండి, బీచ్ పక్కనే మంచిది చూపిస్తాను." ఆ లాడ్జి మూతపడలేదు. కమీషన్ ఇచ్చే లాడ్జి ఇంకోటి ఉంది, అంతే. ఆ కమీషన్ మీ గది అద్దెలోంచే వస్తుంది. ప్లాట్‌ఫాం దిగకముందే మీరు బుక్ చేసుకున్న చోటికి ఒక్క ఫోన్ కొట్టండి. ఇప్పుడే వాళ్లతో ఫోన్‌లో మాట్లాడానంటే అతను రెండో మాట మాట్లాడడు.

ఆటో ఎక్కేముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అవి అడిగితే ఏమనుకుంటాడోనన్న మొహమాటమే మన కొంప ముంచుతుంది. మనిషికా, బండికా? సామానుతో కలిపేనా? వెళ్లడానికేనా, రానూపోనూనా? కైలాసగిరి, తొట్లకొండ, రుషికొండ, భీమిలి అన్నీ చూపిస్తానని ఒక్క మాటగా మాట్లాడుకుంటే ఇంకోటి కూడా అడగండి: వెయిటింగ్‌కి వేరే ఇవ్వాలా? భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసి బయటికి వచ్చాక కాదు, ఎక్కేముందే. ప్రీపెయిడ్ కౌంటరు తెరిచి ఉంటే అక్కడ చీటీ తీసుకోండి. లేదంటే ఫోన్‌లో ఓలా, ఉబర్, రాపిడో ఏదో ఒకటి తెరిచి అదే దూరానికి ఎంత చూపిస్తోందో చూడండి. ఎక్కకపోయినా సరే, బేరానికి ఒక ఆధారం దొరుకుతుంది. బండి నంబరు ఫొటో తీసి ఇంట్లో ఎవరికైనా పంపండి. నిజాయతీగల డ్రైవరు దానికి నొచ్చుకోడు.

"ఫొటో ఇరవయ్యే సార్, నచ్చితేనే తీసుకోండి"

ఈ మోసాన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి, ఎందుకంటే ఇక్కడ ఎవరూ మీ జేబులో చెయ్యి పెట్టరు. మెడలో కెమెరా వేలాడేసుకున్న కుర్రాడు వస్తాడు. మర్యాదగా మాట్లాడతాడు. పాపని ఎత్తుకోమంటాడు, అలలోకి పరిగెత్తమంటాడు, సూర్యుణ్ని అరచేతిలో పట్టుకోమంటాడు. మీరు నవ్వుతుంటారు, అతను నొక్కుతూనే ఉంటాడు. కాసేపటికి, "డెబ్బై వచ్చాయి సార్, పధ్నాలుగు వందలు" అంటాడు. నచ్చితేనే అన్నావు కదా అంటే, "అన్నీ మీవే కదా సార్, నేనేం చేసుకుంటాను?" అంటాడు. ఈలోగా ఇంకో ఇద్దరు కెమెరాలు వేసుకుని పక్కకి చేరతారు. కొట్టరు, తిట్టరు. ఊరికే నిలబడతారు. పిల్లల ముందు గొడవెందుకని మీరు డబ్బులిచ్చేస్తారు.

మొదటి ఫొటోకి ముందే మాట తేల్చుకోండి: "పది ఫొటోలు, ఇంత డబ్బు. పదకొండోది తీస్తే అది నీదే." ఈ మాట అతని నోటితో తిరిగి చెప్పించుకోండి. గుర్రం సవారీకీ ఇంతే. ఒక రౌండంటే ఎక్కడ మలుపు తిరుగుతుందో వేలుపెట్టి చూపించమనండి. రుషికొండలో స్పీడ్‌బోటు, జెట్‌స్కీ ఎక్కేవాళ్లు టికెట్టు మీద రేటు చూసుకోండి. లైఫ్‌జాకెట్టు క్లిప్పులు బిగించకుండా ఉచితంగా తిప్పుతామన్నా ఎక్కకండి. శుభ్రతకి, భద్రతకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో తెచ్చుకున్న బీచ్ అది. అక్కడ రేట్ల బోర్డు పెట్టమని గట్టిగా అడిగే హక్కు మీకుంది.

ఇక స్నానాలు. కార్తీకమాసంలో, శివరాత్రి మర్నాడు పల్లెల నుంచి బళ్లు కట్టుకుని సముద్ర స్నానానికి వస్తారు. అందరూ ఒకేసారి నీళ్లలోకి దిగుతారు. బట్టల మూట ఒడ్డున ఉంటుంది, ఫోన్ చెప్పులో దాచి ఉంటుంది. దొంగ మొదట వెతికేది ఆ చెప్పులోనే! ఇంట్లో ఒకరు పొడి బట్టలతో గట్టు మీద కూర్చోండి, తర్వాత మార్చుకోండి. నానుతాళ్లు, గొలుసులు బసలో పెట్టి రండి. అల లాక్కుపోయిన గొలుసుకి ఏ ఎస్సైగారూ కేసు కట్టలేరు. ఆర్‌కే బీచ్‌లో అల వెనక్కి లాగే జోరు బయటివాళ్లకు తెలియదు, ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఎర్రజెండా ఉన్నచోట మోకాలి లోతు కూడా వద్దు. పర్సు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

రాకముందే జరిగే దోపిడీ

కొందరు విశాఖలో కాలు పెట్టకముందే మోసపోతున్నారు. బీచ్ ఎదురుగా గది కోసం గూగుల్‌లో వెతుకుతారు. పైన కనబడిన నంబరుకి ఫోన్ చేస్తారు. వాట్సాప్‌లో సముద్రం కనిపించే బాల్కనీ ఫొటోలు వస్తాయి. "ఒక్క గదే మిగిలింది మేడం, సగం ఇప్పుడే వేసెయ్యండి." వేస్తారు. ఇక్కడికొచ్చి రిసెప్షన్‌లో నిలబడితే ఆ పేరుతో బుకింగే ఉండదు. ఆ హోటలు నిజమైనదే, నంబరే దొంగది. డబ్బు పంపేటప్పుడు తెర మీద హోటలు పేరు కాకుండా ఎవరో వ్యక్తి పేరు కనబడితే అక్కడే ఆగిపోండి. పర్యాటక శాఖ గదులైనా, సింహాచలం దేవస్థానం గదులైనా అధికారిక వెబ్‌సైటులోనే, లేదా కౌంటరులోనే తీసుకోండి. కొండ మీద "స్పెషల్ దర్శనం చేయిస్తా" అంటూ వెంటపడేవాణ్ని దేవస్థానం రసీదు చూపించమనండి. లేదంటే దణ్ణం పెట్టి పంపించేయండి.

"రీఫండ్ ఇస్తాం, ఈ లింకు నొక్కి పిన్ కొట్టండి" అనేవాడు పక్కా దొంగ. డబ్బు మనకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతున్నట్టే. పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాల మధ్య చేతులు మారకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది. గంట గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది.

అతిథులకీ ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. మురీ మిక్స్చర్ బండి దగ్గర నలుగురు తిని, ఫోన్‌లో ఆకుపచ్చ టిక్కు చూపించి "పంపేశాం అమ్మా" అని వెళ్లిపోయే బాబులు కూడా మీలో ఉన్నారు. ఆ టిక్కు నకిలీ యాప్‌ది. రాత్రి లెక్క చూసుకుంటే ఆమె ఖాతాలో పైసా ఉండదు. సాయంత్రం రద్దీలో ఎవరో ఆమె క్యూఆర్ కోడ్ మీద తమ స్టిక్కరు అంటించి పోతే, బేరం ఆమెది, డబ్బు వాడిది. బండివాళ్లు రోజూ బండి తీయగానే ఆ స్టిక్కరుని గోరుతో గీకి చూడండి. సౌండ్‌బాక్సు పలికాకే పొట్లం ఇవ్వండి. ఖాతాలో పడిందని ఆమె చెప్పేదాకా అతిథులూ కాసేపు నిలబడండి.

మరో చిన్న సంగతి. పగడపు కొమ్మలు, ఎండబెట్టిన సముద్రపు గుర్రాలు ఎవరైనా అమ్మజూపితే ముట్టుకోకండి. వన్యప్రాణి చట్టం కింద అమ్మినవాడికీ కేసే, కొన్నవాడికీ కేసే. అద్దె స్కూటీ తీసుకునేవాళ్లు బండి చుట్టూ వీడియో తీసుకున్నాకే తాళం అందుకోండి. లేకపోతే పాత గీతలన్నీ మీ ఖాతాలో పడతాయి. ఒరిజినల్ ఆధార్ ఎవరి దగ్గరా ఉంచకండి, జిరాక్సు చాలు.

రైలెక్కకముందే ఫిర్యాదు!

ఈ కరపత్రంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఆపదలో 112. ఆర్‌కే బీచ్ దగ్గరైతే మూడో పట్టణ పోలీస్ స్టేషన్. "మీది ఈ ఊరు కాదు కదా, మీ ఊళ్లో ఇచ్చుకోండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ఎలక్ట్రానిక్ రూపంలో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోపు సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. తీసుకోకపోతే విషయం రాసి పోలీసు కమిషనర్‌కు పంపండి. గొలుసు తెంపుకుపోవడాన్ని కొత్త చట్టం ప్రత్యేక నేరంగానే రాసింది: భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు.

ఫోన్ పోతే ఆ ఫిర్యాదు కాపీతో సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు ఇచ్చి ఫోన్‌ని బ్లాక్ చేయించవచ్చు. ఆ నంబరు తెలియాలంటే ఫోన్ చేతిలో ఉన్నప్పుడే స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ కొట్టి రాసి పెట్టుకోవాలి. ఇప్పుడే, ఈ కాగితం చేతిలో ఉండగానే ఆ పని చేయండి. రైల్లో ఏదైనా పోతే 139. నీళ్ల సీసాకి ఎమ్మార్పీ కంటే ఎక్కువ గుంజితే 1915. తెలుగు రాని అతిథులకు కేంద్ర పర్యాటక శాఖ నంబరు 1363.

విశాఖవాసులారా!

అతిథి రేపు వెళ్లిపోతాడు. మనం ఎక్కడికీ పోం. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచేది మనమే, సాయంత్రం గట్టు మీద కూర్చునేదీ మనమే. ఏ కెమెరా కుర్రాడు ఎవరితో ఎలా మాట్లాడతాడో మనకు తెలుసు. ఈసారి అలాంటిది కనబడితే తల తిప్పుకోకండి. దగ్గరికి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "ఏం గురూ, ముందు ఎంత చెప్పావు?" చాలాసార్లు అంతటితోనే లెక్క దిగివస్తుంది. చెయ్యి మాత్రం ఎత్తకండి. దొంగ దొరికాడని పదిమంది పడి కొట్టడం కూడా నేరమే. పట్టుకోండి, 112కి చెప్పండి.

ఆటో సోదరులారా! "లాడ్జి మూసేశారు" అని అబద్ధమాడేవాడు మీ స్టాండులో ఎవరో మీకు తెలుసు. వాడివల్ల ప్రయాణికులు మిమ్మల్ని దాటుకుని యాప్‌ల వైపు పోతున్నారు. నష్టం మీకే. మీ యూనియన్‌లోనే వాడికి బుద్ధి చెప్పండి.

జీవీఎంసీ (నగరపాలక సంస్థ), పోలీసు, పర్యాటక శాఖల అధికారులను మేం కోరుతున్నది ఇది. ఫొటోకి, గుర్రానికి, బోటుకి రేట్లు తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీల్లో రాసిన బోర్డులు ఆర్‌కే బీచ్‌లో, రుషికొండలో నిలబెట్టాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం చెప్పినట్టు ప్రతి చిరు వ్యాపారికీ గుర్తింపు కార్డు ఇవ్వాలి. కార్డు మెడలో ఉన్నవాణ్ని వేధించకూడదు, కార్డు లేనివాణ్ని అడగకుండా వదలకూడదు. సెలవు రోజుల్లో ఇసుక మీదే ఫిర్యాదు బల్ల వేసి, కుటుంబం రైలందుకునేలోపు కాగితం చేతికివ్వాలి.

చదివాక ఈ కరపత్రాన్ని ఇసుకలో పారేయకండి. పక్కన కూర్చున్న కుటుంబానికి ఇవ్వండి. వాళ్లకి తెలుగు రాకపోతే 112, 1930 ఈ రెండు నంబర్లు వాళ్ల ఫోన్‌లో మీ చేత్తో ఎక్కించి పెట్టండి.

ఇట్లు
బీచ్ రోడ్డు నడక మిత్రులు, చిరు వ్యాపారులు, విశాఖపట్నం