పలుకుబడి

తెలుగులో ‘పలుకుబడి’ అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. మాట్లాడే తీరు, నుడికారం అనేది ఒక అర్థం. నలుగురిలో మన మాట చెల్లుబాటు కావడం, పరిచయాల బలం కలిగి ఉండడం రెండవ అర్థం. నిత్యజీవితంలో ఈ రెండింటినీ మనం వేరువేరు విషయాలుగానే భావిస్తాం. కాని మాటే జీవనాధారమైన ఒక రంగంలో ఈ రెండు అర్థాలూ ఒకచోట కలుసుకొంటాయి. అది ప్రసార పాత్రికేయ రంగం. రేడియోలోగాని, టెలివిజన్‌లోగాని వార్త చెప్పేవారికి మొదటి పలుకుబడి లేకపోతే రెండవది ఎంతోకాలం నిలవదు.

ఈ రంగంలో అడుగుపెట్టాలని కోరుకొనే విద్యార్థులు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల కళాశాలల్లో ఎందరో ఉన్నారు. వారిని వెనక్కు లాగే మాట ఒకటి ఉన్నది. “హైదరాబాదులో మనకు తెలిసినవారెవరున్నారు?” అన్నదే ఆ మాట. ఆదిలాబాద్ నుండి రాజధాని సుమారు 300 కిలోమీటర్ల దూరం. ఆ దూరాన్ని బస్సు ఒక్క రోజులో దాటుతుంది. మనసులోని దూరం అంత సులభంగా తరగదు. సిరిసిల్లలో సాంచాలు నడిపే కార్మికుని కుమారునికి, ఉట్నూరు ఏజెన్సీలో వ్యవసాయం చేసుకొనే రైతు కుమార్తెకు ఏ చానెల్ కార్యాలయంలోనూ పేరు పెట్టి పలకరించే మనిషి ఉండడు.

ఈ భయం పూర్తిగా నిరాధారమని అనలేం. సిఫారసుతో ఉద్యోగం పొందినవారు ఏ రంగంలోనైనా ఉంటారు. అయితే సిఫారసు వేరు, వృత్తి సంబంధం వేరు. సిఫారసు కుర్చీని ఇప్పించవచ్చు. కుర్చీలో కూర్చున్న తరువాత మాట్లాడవలసింది మనమే. ‘ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు’ అని సామెత. వందమంది పేర్లు తెలిసి ఉండడం పరిచయం కాదు. మన పనిని చూసి, మన మాటను నమ్మి, తప్పు చేసినప్పుడు తప్పని చెప్పగల నలుగురు ఉండడమే నిజమైన పరిచయం.

అసలు ఈ వృత్తిలో పరిచయాలు ఎందుకు? వార్త ఒక్కరి చేతిలో తయారయ్యే వస్తువు కాదు. విలేఖరి సేకరించిన సమాచారాన్ని కెమెరామన్ చిత్రీకరిస్తాడు, ఉపసంపాదకుడు దిద్దుతాడు, ఎడిటర్ దృశ్యాలను కూర్చుతాడు, చివరకు న్యూస్ రీడర్ చదువుతాడు. వీరిలో ఏ ఒక్కరు మరొకరిని నమ్మకపోయినా వార్త చెడుతుంది. ఇది గదిలోపలి బంధం. గది బయటి బంధం ఇంకా విలువైనది. గోదావరి పొంగితే మంథని పరిసరాల్లోని పరిస్థితిని ముందుగా చెప్పగలిగేది అక్కడి రైతు. గూడెంలో జ్వరాలు ప్రబలితే తెలిసేది ఆశా కార్యకర్తకు, ఆ గూడెం పటేలుకు. బొగ్గు గనిలో ప్రమాదం జరిగితే మొదట కదిలేది తోటి కార్మికుడు. ఆపద వచ్చిన నాడు మాత్రమే వీరి ముందు మైకు పెట్టే విలేఖరికి వీరు మనసు విప్పరు. ఏ వార్తా లేని నాడు కూడా పలకరించి వచ్చినవానికే చెబుతారు. ఈ సంబంధాలు హైదరాబాదులో దొరికేవి కావు. జిల్లా విద్యార్థికి పుట్టుకతో దక్కిన సంపద ఇది.

ఇక గురువు మాట. ‘గురువు లేని విద్య గుడ్డి విద్య’ అన్నారు పెద్దలు. గురువు రాజధానిలోనే ఉంటాడని అనుకోవడం పొరపాటు. ఆదిలాబాద్‌లో 1986లో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. తెలుగుతో పాటు గోండి భాషలో కూడా అక్కడి నుండి కార్యక్రమాలు వెలువడ్డాయి. తన తల్లిభాష రేడియోలో వినిపించినప్పుడు శ్రోతకు ఆ కేంద్రం పరాయిది కాదు. ‘యువవాణి’ వంటి ఆకాశవాణి కార్యక్రమాలు ఎందరో యువతీయువకులను తొలిసారిగా మైకు ముందు నిలబెట్టాయి. తాత్కాలిక అనౌన్సర్లను ఆకాశవాణి రాత పరీక్ష, స్వర పరీక్షల ద్వారా ఎంపిక చేస్తుంది. ఇటువంటి చోట్ల పనిచేసిన అనుభవజ్ఞులు మన పట్టణాల్లోనే ఉన్నారు. వాక్యాన్ని ఎక్కడ విరవాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, అంకెను వినేవారికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో, ఒక వార్తను ఎందుకు ఆపివేయాలో పుస్తకం కంటే వారే బాగా నేర్పగలరు.

‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అన్నది నిజమే. కాని అడిగే తీరు ఒకటి ఉన్నది. “అయ్యా, నాకు ఉద్యోగం ఇప్పించండి” అని వెళ్లినవానికి పెద్దలు సానుభూతి చూపి పంపుతారు. “నేను రాసిన ఈ మూడు నిమిషాల వార్తా కథనాన్ని చదివి వినిపిస్తాను, లోపాలు చెప్పండి” అని వెళ్లినవానిని కూర్చోబెడతారు. చెప్పిన లోపాలను సవరించుకొని రెండవసారి వెళ్లినవానిని గుర్తుంచుకొంటారు. గురుశిష్య సంబంధం ఆ రెండవ రాకతో మొదలవుతుంది.

దూరం అడ్డు కాదనడానికి సామల సదాశివ జీవితమే ఉదాహరణ. 1928లో నాటి ఆదిలాబాద్ జిల్లాలో పుట్టిన ఆయన వృత్తిరీత్యా అధ్యాపకుడు. ఉర్దూ సాహిత్యాన్ని తెలుగువారికి పరిచయం చేయమని సురవరం ప్రతాపరెడ్డి ఇచ్చిన ప్రోత్సాహం ఆయన రచనా మార్గాన్ని మలచింది. అంజద్ హైదరాబాదీ రుబాయీలను ఆయన తెలుగులోకి తెచ్చారు. హిందూస్థానీ సంగీతాన్ని సామాన్య పాఠకునికి ముచ్చటగా వివరించారు. ‘స్వరలయలు’ గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2012లో కన్నుమూసే నాటికి ఆదిలాబాదు పేరు చెప్పగానే సదాశివ పేరు గుర్తుకు వచ్చేది. ఒక పెద్ద చెప్పిన మంచిమాటను జీవితకాలపు కృషిగా మార్చుకోవడమే శిష్యుడు చెల్లించే గురుదక్షిణ.

మంచి గురువు శిష్యునిలో ఏమి చూస్తాడో రేడియో చరిత్రలోని ఒక ఘట్టం తెలుపుతుంది. 1937లో అమెరికాకు చెందిన సి.బి.ఎస్. రేడియో తరఫున యూరప్‌లో ఉన్న ఎడ్వర్డ్ మర్రో, విలియం షైరర్ అనే పత్రికా విలేఖరిని ఎంపిక చేశాడు. షైరర్ గొంతు రేడియోకు తగదని న్యూయార్క్‌లోని అధికారులు పెదవి విరిచారు. మర్రో పట్టు విడవలేదు. ఆయన చూసింది గొంతును కాదు, గొంతు వెనుక ఉన్న ఎరుకను. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించినప్పుడు వియన్నాలో స్వయంగా చూసిన విషయాలను షైరర్ లండన్ చేరుకొని ప్రపంచానికి వినిపించాడు. వినసొంపైన స్వరం వరమే కావచ్చు. విషయం తెలియని స్వరం మాత్రం వట్టి శబ్దం.

మన ప్రాంత విద్యార్థులకు గొంతు గురించి కాక, యాస గురించి మరొక సంకోచం ఉండేది. తమ మాట వింటే నవ్వుతారేమోనని చాలామంది నోరు మెదపలేదు. 2012లో ప్రారంభమైన వి6 చానెల్‌లో ‘తీన్మార్’ వార్తలు తెలంగాణ యాసలో వచ్చి జనాదరణ పొందిన తరువాత ఆ సంకోచం కొంత తొలగింది. అయితే యాస నవ్వించే వేషంగా మిగిలిపోరాదు. బాధను, కోపాన్ని, ఆలోచనను కూడా మోయగల భాష అది. అదే సమయంలో ప్రామాణిక భాషను శ్రద్ధగా నేర్వాలి. 1983 నవంబర్ 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ టెలీప్రాంప్టర్ లేని రోజుల్లో ఎన్నో ఏళ్లు పనిచేశారు. ఆ నిబ్బరం వెనుక ఉన్నది సాధన. ఇంటి భాషను వదలకుండా సభాభాషను నేర్చినవానికి రెండు చోట్లా మాట చెల్లుతుంది.

పరిచయాలకు ఒక హద్దు కూడా ఉన్నది. అధికారితో, నాయకునితో, వ్యాపారితో మాటలుండాలి, మొహమాటం ఉండరాదు. మేలు పొందిన నోరు నిజం చెప్పడానికి తడబడుతుంది. అలాగే గురుభక్తి పేరుతో జీతం లేని చాకిరీ చేయించుకొనేవారు, ఆడపిల్లల ఆశను అలుసుగా తీసుకొనేవారు గురువులు కారు. అట్టివారికి దూరంగా తొలగిపోవడం, జరిగిన అన్యాయాన్ని నమ్మకమైన పెద్దలకు చెప్పడం అవిధేయత కాదు.

ఈ బాధ్యతనంతా విద్యార్థుల భుజాలపైనే మోపడం న్యాయం కాదు. జిల్లా కళాశాలలు అనుభవజ్ఞులైన పాత్రికేయులను ఏడాదికొకసారి సన్మానానికి కాక, నెలకొకసారి పాఠానికి పిలవాలి. ప్రసార సంస్థలు శిక్షణ కాలంలో భృతి ఇవ్వాలి. లేకుంటే ఇంటి నుండి డబ్బు తెచ్చుకోగలిగినవారే పాత్రికేయులవుతారు. గూడెం కథను గూడెం బిడ్డ చెప్పే రోజు రాదు.

తెలిసినవారు ఎవరూ లేరని నేడు దిగులుపడుతున్న విద్యార్థి రేపు ఒక స్టూడియోలో స్థిరపడవచ్చు. ఆనాడు జన్నారం నుండో, జగిత్యాల నుండో ఒక పిల్లవాడు కాగితాలు పట్టుకొని వస్తాడు. వాటిని ఓపికగా చదివి, లోపాలు చెప్పి, మళ్లీ రమ్మనాలి. తాను సంపాదించిన పలుకుబడిని అలా వినియోగించినప్పుడే ఆ మాటలోని రెండు అర్థాలూ సార్థకమవుతాయి.