ఒక రాత్రికి ఇల్లు లేదు

మావారి ఉద్యోగం ధర్మమా అని నేను పదకొండు అద్దె కొంపలు మారాను. ఇంటావిడ నీళ్ల దగ్గర పెట్టే పేచీలూ, మేకు కొడితే ఒప్పుకోని ఇంటాయనలూ, అన్నీ చూశాను. కాని సామానంతా బండిలో పెట్టుకుని, ఇల్లు కుదిరి కూడా ఒక రాత్రి ఇల్లు లేకుండా ఉండడం మాత్రం 2023 ఆగస్టులో, మా అబ్బాయి ఊళ్లోనే చూశాను.

ఆ ఊరు మాడిసన్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి రాజధాని. రాజధాని అనగానే మన హైదరాబాదును ఊహించుకోకండి. 2020 లెక్కల్లో 2,69,840 మంది జనాభా, అంతే. మెండోటా, మొనోనా అని రెండు పెద్ద సరస్సులు, మధ్యన సన్నని నేల, దాని మీద శాసనసభ భవనం. మన వెల్చేరు నారాయణరావుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం మెండోటా గట్టునే ఉంది. చలికాలంలో ఆ సరస్సు గడ్డకడితే జనం దానిమీద కూర్చుని మంచుకు కన్నం పెట్టి చేపలు పడతారట. నేను వేసవిలో వెళ్లాను గనక పచ్చగా పేరుకున్న నాచే చూశాను.

ఊరినిండా విద్యార్థులే. అందుకని ఊరి నడుమ చాలా ఇళ్ల అద్దె కాగితాలు ఆగస్టు 14న ముగిసి 15న మొదలవుతాయి. పాతవాళ్లు 14 మధ్యాహ్నానికి ఖాళీ చెయ్యాలి. కొత్తవాళ్లకు తాళంచెవి 15నే. మధ్యలో ఇల్లుగలవాళ్లు కడిగి సున్నాలు వేయించుకుంటారు. ఆ రాత్రి మన సంగతి? ఎవరికి వారే!

"ఎనిమిది నెలల పిల్లాణ్ణి పెట్టుకుని ఎక్కడుంటార్రా?" అన్నాను.

"ఏడాదికోసారి అందరికీ ఉండేదేనమ్మా" అన్నాడు మావాడు.

వీధులు చూడాలి! పేవుమెంటు పొడుగునా సోఫాలు, బల్లలు, దీపాలు, పరుపులు. మోసుకుపోలేనివి వదిలేస్తారు, కావలసినవాళ్లు పట్టుకుపోతారు. పిల్లాణ్ణి ఊపడానికి బాగుంటుందని ఒక ఊగే కుర్చీమీద చెయ్యి వేశానో లేదో, "అత్తయ్యా, నల్లులుంటాయి!" అని కోడలు కేకేసింది. అమెరికా వచ్చినా నల్లుల బెడద తప్పలేదన్నమాట.

ఆ రాత్రి పిల్లాడూ, కోడలూ, నేనూ ఒక తెలుగువారి హాల్లో పడుకున్నాం. తండ్రీ కొడుకులు సామాను లారీలోనే జాగారం చేశారు. మావారు పొద్దున్న నడుం పట్టుకుని దిగారు.

అసలు దిగులు నాది వేరు. పాత ఇంట్లో వంటింటి తెల్లబల్లమీద పసుపు డబ్బా ఒలికించింది నేనే. పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుందని మనకందరికీ తెలుసు. బల్లను ఎండలో ఆరెయ్యడం ఎలా? ఆ కిటికీ ఉత్తరం వైపు. నిమ్మకాయ, సోడా పొడి, సబ్బు, అన్నీ అయ్యాయి. వెళ్లే రోజుకు కూడా అరచెయ్యంత మేర పచ్చగానే ఉంది. నెల అద్దె అడ్వాన్సుగా కట్టి ఉన్నారు పిల్లలు. నా మూలాన అది పోతుందేమోనని నాకు నిద్ర పట్టలేదు.

అక్కడి చట్టం ప్రకారం, ఖాళీ చేసిన 21 రోజుల్లోగా ఇంటివాళ్లు అడ్వాన్సు తిరిగివ్వాలి. పట్టుకుంటే దేనికెంతో రాసివ్వాలి. వాడకంలో మామూలుగా అరిగినదానికి పట్టుకోకూడదు. ఇరవయ్యో రోజున ఉత్తరం వచ్చింది. బల్లకు కొంత, హాల్లో తివాచీ మరకకు అంతకు మూడింతలు!

తివాచీ మాట చూసి కోడలు నవ్వింది. ఇంట్లో చేరిన కొత్తలో అద్దెవాళ్లు లోపాలు రాసివ్వడానికి ఏడు రోజుల గడువుంటుందట. ఆ పిల్ల ప్రతి గదికీ ఫొటోలు తీసి, తివాచీ మరకతో సహా రాసిచ్చి, నకలు దాచుకుంది. ఆ నకలూ, ఫొటోలూ పంపితే వారంలో తివాచీ డబ్బు తిరిగొచ్చింది. నేను పదకొండు ఇళ్లు మారినా ఒక్క ఇంటి గోడలైనా అలా రాసిపెట్టుకోలేదు.

బల్ల డబ్బు మాత్రం రాలేదు. "ఫరవాలేదత్తయ్యా" అంది కోడలు. మర్నాడు కొత్తింట్లో పోపు వెయ్యబోతుంటే, మాట్లాడకుండా వచ్చి బల్లమీద పాత కాగితాలు పరిచి వెళ్లింది.