జపాను అక్షరాలు వచ్చిన చేతికి తెలుగు అక్షరాలు రావా?

మన తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు తెలుగు ఇళ్ళలో జపాను మాట ఇప్పుడు కొత్త కాదు. ఒకప్పుడు తిరువళ్ళూరులోనే హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు మిత్సుబిషి లాన్సర్ కార్లు చేసేవాళ్ళు. తరువాత ఒరగడంలో నిస్సాన్, సరిహద్దు దాటితే శ్రీసిటీలో ఇసుజు వచ్చాయి. మన పిల్లకాయలు చెన్నైలో జపనీస్ క్లాసులకు పోయి, ఎన్5 నుంచి మెట్టు మెట్టుగా పరీక్షలు రాసుకుంటా టోక్యో దాకా పోతా ఉన్నారు. మా ఇంటి పిల్లవాడు కూడా ఒకడు అక్కడే, మనదేశం వాళ్ళు ఎక్కువగా ఉండే నిషికసాయిలో కాపురం. పగలు ఉద్యోగం, వారానికి రెండు సాయంత్రాలు జూడో. మాకు సంతోషమే.

అయితే ఒక్కటి మింగుడు పడదు. వాడికి జపాను పత్రిక చదవను వచ్చు, ముత్తాత రాసిన ఉత్తరం చదవను రాదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అక్షరం మాత్రం తెలీదు. మా పాత ఇనప్పెట్టెలో పద్దు పుస్తకాలు, శుభలేఖలు, ఉత్తరాలు ఉన్నాయి. అన్నీ తెలుగులోనే. వాటిని గడగడా చదివేవాళ్ళం ఇప్పుడు ఐదుగురమే మిగిలాం. అందరికీ అరవై దాటింది.

దీనికి పిల్లల్ని తిట్టి ప్రయోజనం లేదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రలో, చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ సిఫారసుల మీద మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బదులుగా సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు పోయాయి. ఇల్లూ పొలమూ ఉన్నచోటే ఉన్నాయి, రాష్ట్రం మారింది. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవాల్సిందే, ఈ నేల భాష అది, మనకు అన్నం పెట్టే భాష. కాని బడిలో తెలుగుకు ఉన్న చోటు అంతకంతకూ తగ్గిపోయింది. రాధాకృష్ణన్ గారు పుట్టిన ఊరు మాది అని చెప్పుకుంటాం గానీ, సర్వేపల్లి అన్న ఆ ఇంటిపేరును తెలుగులో రాయమంటే ఎందరు పిల్లలు రాస్తారు?

"తెలుగు అక్షరాలు కష్టం" అనే మాట మాత్రం మేము ఒప్పుకోము. జపాను వాళ్ళకు హిరగానా, కతకానా అని రెండు వరసల అక్షరాలు, ఒక్కోదాంట్లో 46. అవి గాక నిత్యవాడుకకు ప్రభుత్వం గుర్తించిన కంజీలు 2,136. ఇన్ని పట్టుకున్న చేతికి మన యాభై ఆరు బరువా? పైగా వాళ్ళ అక్షరాల వరస కూడా అ, ఇ, ఉ, ఎ, ఒ అనే మొదలవుతుంది, ఆ వెనక క, కి, కు, కె, కొ. బౌద్ధంతో పాటు పోయిన సంస్కృత వర్ణక్రమం చలవ అది. వాక్యం కూడా మన లాగే నడుస్తుంది. నేను, అన్నం, తింటాను అన్న వరసలోనే వాళ్ళూ చెప్తారు. ప్రశ్న అడగాలంటే మనం చివర "ఆ" చేరుస్తాం, వాళ్ళు "కా" చేరుస్తారు. ఇంగ్లీషు బస్ మనకు బస్సు, వాళ్ళకు బసు. ఓనో సుసుము అనే పండితుడు తమిళానికీ జపనీసుకూ చుట్టరికమే ఉందన్నాడు. భాషాశాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. చుట్టరికం మాట ఎట్లున్నా, నేర్చుకునే మనవాడికి ఈ పోలికలు సాయం చేస్తాయి.

ఇక రెండో మాట, "తెలుగు చదివితే ఏమొస్తుంది?" ఇది న్యాయమైన ప్రశ్నే. జపనీస్ వస్తే జీతం వస్తుంది. మరి జూడోకు ఏ జీతం వస్తుందని మా వాడు ఒళ్ళు హూనం చేసుకుంటా ఉన్నాడు? ఇక్కడే జూడో పుట్టిన కథ వినాలి.

1868 తరువాత జపానులో సమురాయిల కాలం ముగిసింది. జుజుత్సు నేర్పే పాత గురువులకు ఆదరణ పోయింది. తుపాకుల కాలంలో ఈ పట్లు ఎందుకు అన్నారు. కానో జిగొరో అనే చదువుకునే కుర్రవాడు మాత్రం ఆ గురువులను వెతుక్కుంటా పోయి నేర్చుకున్నాడు. 1882లో టోక్యోలో ఒక గుడిలో, పన్నెండు చాపల గదిలో, కొడోకన్ పెట్టాడు. ప్రమాదమైన పట్లు పక్కన పెట్టి, మెట్లు ఏర్పరిచి, ఎవరైనా నేర్చుకునేలా చేశాడు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో ఉంది. 2012 నుంచి జపాను మిడిల్ స్కూళ్ళలో జూడో, కెండో వంటి యుద్ధవిద్య ఏదో ఒకటి తప్పనిసరి. పనికిరాదని వదిలేసిన విద్య బతికింది ఇట్లా, రోజూ సాధన చేసేవాళ్ళు ఉండబట్టి. కంచి నుంచి పోయిన బోధిధర్ముడే చైనాకు యుద్ధవిద్య నేర్పాడని మనవైపు గొప్పగా చెప్పుకుంటారు. దానికి గట్టి ఆధారం లేదు. ఉన్నా, చెప్పుకున్నంత మాత్రాన ఒక్క పట్టు కూడా రాదు కదా. తెలుగు గొప్పదనం గురించి పండగ పూట చేసే ప్రసంగాలూ అంతే.

జూడోలో ఇంకొక సంగతి ఉంది. కొత్తగా చేరినవాడికి ముందు పడడం నేర్పుతారు. దాన్ని ఉకెమి అంటారు. పడినా దెబ్బ తగలకుండా పడడం వచ్చాకే ఎత్తి వేయడం. మన ఇళ్ళలో తంతు దీనికి తలకిందులు. పిల్లవాడు "ళ"కు బదులు "ల" అన్నా, మధ్యలో నాలుగు తమిళ మాటలు కలిపినా, పెళ్ళిలో పదిమంది ముందర "ఏం తెలుగురా ఇది!" అని నవ్వుతారు. ఆ పిల్లవాడు మళ్ళీ నోరు తెరుస్తాడా? జపనీస్ క్లాసులో తప్పు మాట్లాడితే పంతులమ్మ దిద్దుతుంది, అంతే. అందుకే అక్కడ వస్తుంది, ఇక్కడ రాదు.

కాబట్టి బంధువులందరికీ మా మనవి ఇది. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. మొదటి మెట్టు అచ్చులు, హల్లులు. రెండో మెట్టు గుణింతాలు. మూడో మెట్టు మన కుటుంబంలోని పేర్లూ ఊళ్ళూ రాయడం. నాలుగో మెట్టు పాత శుభలేఖ ఒకటి పైకి చదవడం. చివరిది, పెట్టెలోని ఉత్తరం. ఒక్కడే కూర్చుంటే విసుగు పుడుతుంది. జూడోకు జత కావాలి, దీనికీ కావాలి. ఒక అవ్వ, ఒక మనవడు చొప్పున ఫోన్లో కుదుర్చుకోండి. ఒక్క షరతు, తప్పు వస్తే దిద్దాలి, నవ్వకూడదు.

ఉత్తరాలను ఫోటోలు తీసి పంపే పని మాది. చదివే పని పిల్లలది. అర్థం కాని మాట వస్తే అడగండి, చెప్పేందుకు ఇంకా ఐదుగురం ఉన్నాం.