క్యారవాన్ యాత్ర – అద్దె కారు, హోటల్ బస: ఖర్చుల తేడాపై ఒక పరిశీలన

హవేలిఘనపూర్ (మెదక్ జిల్లా): రాష్ట్ర రాజధానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న మెదక్ పరిసరాలకు వారాంతాలలోను, పండుగ సెలవులలోను తరలివచ్చే కుటుంబాల ముందు నేడు రెండు మార్గాలున్నాయి. అద్దె కారులో బయలుదేరి, రాత్రికి హోటల్ గదిలో బస చేయడం మొదటిది. పడకలు, వంట గట్టు, మరుగుదొడ్డి ఒకే వాహనంలో అమర్చిన క్యారవాన్‌ను అద్దెకు తీసుకొని, ఆగుతూ సాగుతూ యాత్ర ముగించడం రెండవది. సినిమా చిత్రీకరణల వద్ద తారల విశ్రాంతి వాహనంగా తెలుగువారికి పరిచయమైన క్యారవాన్ ఇప్పుడు కుటుంబ యాత్రలకు కూడా అద్దెకు లభిస్తున్నది. ఈ రెండింటిలో ఏది చౌక అనే ప్రశ్నకు ప్రకటనలలో కనిపించే రోజువారీ అద్దె ఒక్కటే సమాధానం చెప్పజాలదు. యాత్రికుల సంఖ్య, గది అద్దె, వాహనం రాత్రి ఆగే చోటు అనే మూడు అంశాలపై ఈ లెక్క ఆధారపడి ఉన్నది.

పరిశీలనకు తీసుకున్న దారి

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రంగా ఏర్పడిన హవేలిఘనపూర్ మెదక్ పట్టణాన్ని ఆనుకొని, పోచారం వైపు వెళ్లే దారిలో ఉన్నది. మెదక్‌లో కాకతీయుల కాలం నాటి కోట, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొని 2024లో శతవసంతాలు పూర్తి చేసుకున్న కేథడ్రల్ చర్చి గలవు. కరవు కాలంలో పేదలకు పని, తిండి కల్పించే ఉద్దేశంతో మత గురువు చార్లెస్ వాకర్ పోస్నెట్ నిర్మింపజేసిన ఈ చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు. మంజీర నది ఏడు పాయలుగా చీలే చోట ఏడుపాయల వనదుర్గా భవాని ఆలయం వెలసింది. 1916–1922 సంవత్సరాల మధ్య నిర్మించిన పోచారం జలాశయం, దాని పేరు మీదనే ఏర్పడిన దాదాపు 130 చదరపు కిలోమీటర్ల వన్యప్రాణి అభయారణ్యం మెదక్, కామారెడ్డి జిల్లాల సరిహద్దున ఉన్నాయి.

హైదరాబాదులో బయలుదేరి ఈ ప్రదేశాలను, ఆపైన నిజాంసాగర్‌ను చూసి తిరిగి చేరుకోవడానికి 4 రోజులు, 3 రాత్రులు, చుట్టుపక్కల తిరుగుడుతో కలిపి 400 కిలోమీటర్లు పడుతుందనుకొని ఈ కింది లెక్క వేయడమైనది. ఇందులోని ధరలు పోలిక కోసం తీసుకున్న నమూనా అంకెలు మాత్రమే. యజమానిని, కాలాన్ని బట్టి అవి మారుతాయి. లెక్క వేసే పద్ధతి మారదు.

నలుగురు సభ్యుల కుటుంబం

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఒకే గదిలో సర్దుకోగలరు. సొంతంగా నడుపుకొనే చిన్న కారు అద్దె పన్నులతో కలిపి రోజుకు రూ.2,500 చొప్పున రూ.10,000 అవుతుంది. లీటరుకు 16 కిలోమీటర్ల వంతున 25 లీటర్ల పెట్రోలుకు, లీటరు రూ.107గా లెక్కిస్తే, రూ.2,675. గది అద్దె రాత్రికి రూ.2,500 చొప్పున రూ.7,500, దానిపై 5 శాతం జీఎస్టీ రూ.375. మనిషికి రోజుకు రూ.600 చొప్పున భోజన వ్యయం రూ.9,600. మొత్తం రూ.30,150.

ఇదే కుటుంబం డ్రైవరుతో సహా క్యారవాన్ తీసుకుంటే అద్దె రోజుకు రూ.9,000 చొప్పున రూ.36,000. బరువైన వాహనం కనుక లీటరుకు 8 కిలోమీటర్లే వస్తాయనుకుంటే 50 లీటర్ల డీజిలుకు, లీటరు రూ.96 చొప్పున, రూ.4,800. డ్రైవరు బత్తా రోజుకు రూ.600 చొప్పున రూ.2,400. నీరు, కరెంటు ఉన్న చోట వాహనం నిలిపినందుకు రాత్రికి రూ.800 చొప్పున రూ.2,400. సగం పూటలు వాహనంలోనే వండుకొంటే భోజన వ్యయం మనిషికి రోజుకు రూ.350కి తగ్గి రూ.5,600 అవుతుంది. మొత్తం రూ.51,200. అనగా చిన్న కుటుంబానికి క్యారవాన్ వల్ల రూ.21,050 అదనపు భారం పడుతున్నది. కారు, గది పద్ధతియే ఇక్కడ స్పష్టంగా చౌక.

ఆరుగురైనప్పుడు

తాత, నాయనమ్మ కూడా వెంట వస్తే లెక్క మారుతుంది. ఏడు సీట్ల కారు, రెండు గదులు అవసరమవుతాయి. కారు అద్దె రూ.15,200, డీజిలు రూ.3,200, గదుల అద్దె పన్నుతో కలిపి రూ.15,750, భోజనాలు రూ.14,400 వెరసి రూ.48,550. క్యారవాన్‌లో భోజన వ్యయం ఒక్కటే రూ.8,400కి పెరుగుతుంది, మిగిలినవన్నీ అట్లే ఉంటాయి. మొత్తం రూ.54,000. ఇరవై ఒక్క వేల తేడా కాస్తా రూ.5,450కి దిగివచ్చింది.

ఇక గది అద్దె రాత్రికి రూ.4,000 పలికే రద్దీ రోజులలో కారు, గదుల ఖర్చు రూ.58,000కు చేరి, క్యారవాన్ రూ.4,000 చౌక అవుతుంది. ఈ నమూనాలో రెండింటి ఖర్చు సమానమయ్యే గది అద్దె సుమారు రూ.3,365. గది అంతకంటె తక్కువకు దొరికే ఊళ్లలో హోటల్, అంతకు మించి పలికే చోట క్యారవాన్ లాభదాయకమని గ్రహించవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గడం హోటల్ పక్షాన మొగ్గును కొంత పెంచింది.

పొదుపులో దాగిన శ్రమ

పై లెక్కలో క్యారవాన్‌కు అనుకూలంగా కనిపించే అంశాలలో భోజనం ముఖ్యమైనది. ఆరుగురి యాత్రలో ఆ పద్దు కింద రూ.6,000 మిగులుతున్నది. అయితే ఆ మిగులు ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడితే వచ్చినది. ఆ నిలబడేది సాధారణంగా ఇంటి ఇల్లాలే. ఆమెకు కూడా ఇది సెలవేనని భావించి అన్ని పూటలా హోటల్ భోజనమే చేస్తే క్యారవాన్ ఖర్చు రూ.60,000 అవుతుంది. అప్పుడు గది అద్దె సుమారు రూ.4,320 దాటితే తప్ప క్యారవాన్ లాభించదు.

డ్రైవరు విషయమూ ఇట్టిదే. పెద్దలున్న కుటుంబాలు డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడం పరిపాటి. ఇట్టి బయటి ఊరి ప్రయాణాలకు రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని ముందే నిర్ణయించి అద్దె కట్టడం వాడుక. ఆ కనీసం 300 కిలోమీటర్లు, కిలోమీటరుకు రూ.15 అయితే, తిరిగింది 400 కిలోమీటర్లే అయినా 1,200 కిలోమీటర్లకు రూ.18,000 చెల్లించవలసి వస్తుంది. బత్తాతో కలిపి రూ.20,400. మెదక్ వంటి దగ్గరి యాత్రకు ఈ నిబంధనే ఎక్కువ భారం. డ్రైవరు రాత్రి ఎక్కడ నిద్రిస్తాడనేది ఏ బిల్లులోనూ కనిపించని మరొక అంశం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అనే హద్దును నిర్దేశించింది. కారు సీటులో నడుము వాల్చి, తెల్లవారి మళ్లీ చక్రం పట్టే డ్రైవరు చేతిలో ఆరుగురి ప్రాణాలుంటాయి. కావున కారు యాత్రలో అతని పడకకు, క్యారవాన్‌లో అతని బెర్తుకు అయ్యే వ్యయాన్ని ముందే లెక్కలో చేర్చుకొనవలసి ఉన్నది.

అద్దెకు ముందు చూడవలసినవి

సొంతంగా నడుపుకొనే కార్ల అద్దె వ్యాపారానికి 1988 మోటారు వాహనాల చట్టం 75వ సెక్షను కింద 1989లో రూపొందిన రెంట్-ఎ-క్యాబ్ పథకం ఆధారం. నల్లని పలకపై పసుపు అక్షరాలున్న నంబరు ఇట్టి వాహనానికి గుర్తు. తెల్ల పలక ఉన్న సొంత కారును చౌకగా వస్తుందని అద్దెకు తీసుకొంటే, ప్రమాదం జరిగినపుడు బీమా పరిహారం చిక్కుల్లో పడుతుంది. అదే చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహన నిర్మాణాన్ని మార్చడాన్ని నియంత్రిస్తున్నది. పాత వ్యానులో పడకలు, గ్యాసు పొయ్యి బిగించి క్యారవాన్‌గా అద్దెకిచ్చే పక్షంలో రిజిస్ట్రేషను పత్రంలో ఆ మార్పు నమోదైనదీ లేనిదీ చూడడం అవసరం. ఈ జాగ్రత్తకు రూపాయి ఖర్చు లేదు, విస్మరిస్తే మాత్రం పై లెక్కలన్నీ వృథా.

ఆగే చోటే అసలు సమస్య

క్యారవాన్ ఎక్కడ పడితే అక్కడ ఆగవచ్చుననే ప్రచారం సగమే సత్యం. వాహనంలోని నీటి తొట్టి నింపుకొనవలె, మురుగు తొట్టి ఖాళీ చేసుకొనవలె, బ్యాటరీలకు కరెంటు కావలె. పోచారం అభయారణ్యంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేని ప్రవేశం, బస కుదరవు. పొయ్యి నిప్పు అడవికి అంటుకొంటే అది నేరం. పోచారం నీరు దిగువ ఆయకట్టు రైతుకు ఆధారం. వాగులోనో, కాలువలోనో మురుగు వదలడం 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టానికి విరుద్ధం.

2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన కుంభవృష్టికి హవేలిఘనపూర్ మండలం తీవ్రంగా దెబ్బతినడం, పోచారం జలాశయానికి భారీ వరద పోటెత్తడం అందరికీ తెలిసినదే. మంజీర ఉప్పొంగినపుడు ఏడుపాయల ఆలయం ముంపునకు గురికావడం కూడా కొత్త కాదు. నీటి అంచున చల్లగా ఉన్నదని రాత్రి వాహనం నిలిపి నిద్రించే కుటుంబానికి హోటల్ గదికి ఉన్నపాటి రక్షణ ఉండదు. కనుక విడిది స్థలం గట్టు మీద, రహదారికి చేరువగా, కావలి మనిషితో ఉండవలె.

ఇతర ప్రాంతాల అనుభవం

కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించినపుడు వాహనాలతో పాటు వాటిని నిలిపే పార్కులను కూడా అందులో చేర్చింది. 2022లో వాగమన్ వద్ద ఆ రాష్ట్రపు మొదటి క్యారవాన్ పార్కు ప్రారంభమైంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇట్టి యాత్ర చిరపరిచితం. అక్కడ వాహనం అద్దెకు తోడు మైళ్ల రుసుము, జనరేటరు రుసుము, విడిది రుసుము వేరువేరుగా చెల్లించవలసి ఉంటుంది కనుక, ప్రకటనలోని అద్దెకు, చివరి బిల్లుకు పొంతన ఉండదు. న్యూజీలాండ్ 2011లో బహిరంగ విడిదిపై ప్రత్యేక చట్టం చేసి, 2023లో వాహనంలో బిగించిన మరుగుదొడ్డి విషయమై నిబంధనలను కఠినతరం చేసింది. స్వేచ్ఛగా ఆగే యాత్రకు పేరుపొందిన దేశానికే ఆ అవసరం కలిగిందంటే, విడిది ఏర్పాటు లేని క్యారవాన్ ఊరికి ఎంత భారమో ఊహించవచ్చు.

బండినే ఇల్లుగా చేసుకొనే యాత్ర తెలంగాణకు కొత్తదేమీ కాదు. గూడు కట్టిన ఎడ్లబండ్లలో, తరువాతి కాలంలో టార్పాలిను కప్పిన ట్రాక్టర్లలో మేడారానికి, ఏడుపాయల జాతరకు తరలివెళ్లి, చెట్ల కింద వండుకొని, బండి కిందనే పడుకొని తిరిగివచ్చిన తరాలున్నాయి. ఆ యాత్ర చౌకగా సాగడానికి కారణం బండి సొంతది కావడం, ఆగే చోటు ఉచితం కావడం. నేటి క్యారవాన్‌కు ఆ రెండూ లేవు.

రూపాయి ఎవరికి చేరుతుంది

యాత్రికునికి ఏది చౌక అన్నది ఒక లెక్క. స్థానికులకు ఏది మేలు అన్నది మరొక లెక్క. ఆరుగురి నమూనాలో కారు, గదుల పద్ధతిన పన్ను కాక గదులకు రూ.15,000, భోజనాలకు రూ.14,400 వెరసి రూ.29,400 యాత్రా ప్రాంతంలోనే ఖర్చవుతున్నది. గదులు శుభ్రం చేసే మహిళకు, వంటవానికి, పాలు కూరగాయలు అమ్మే రైతుకు అందులో వాటా ఉన్నది. క్యారవాన్ పద్ధతిన విడిది రుసుము, భోజన సరుకులు కలిపి గరిష్ఠంగా రూ.10,800 మాత్రమే ఇక్కడికి చేరుతుంది, అది కూడా బియ్యం, పప్పు హైదరాబాదులోనే కొనుక్కొని రాకపోతే. అద్దె సొమ్ము వాహన యజమాని ఉన్న నగరానికి పోతుంది.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. గదుల ఆదాయం ప్రధానంగా హోటళ్లున్న పట్టణానికి చెందుతుంది. విడిది స్థలం మాత్రం దారిలోని పల్లెలో కూడా ఏర్పాటు చేయవచ్చును. అక్కడ నీరు, కరెంటు, మురుగు తొట్టి, కావలితో పాటు స్వయం సహాయక సంఘాల మహిళలు వండిన జొన్నరొట్టె, కూర అమ్మకానికి ఉంటే, యాత్రికుని ఇల్లాలికి వంట తప్పుతుంది, గ్రామానికి రాబడి వస్తుంది. కనుక క్యారవాన్‌లను ఆహ్వానించే ముందు విడిది స్థలాన్ని సిద్ధం చేయడమే హవేలిఘనపూర్ వంటి మండలాలకు శ్రేయస్కరం.

సారాంశం

ఇద్దరు మొదలు నలుగురి వరకు ఉన్న కుటుంబాలకు, రెండు మూడు రాత్రుల దగ్గరి యాత్రకు అద్దె కారు, హోటల్ గది అన్నివిధాల చౌక. ఆరుగురికి పైబడి, గదుల అద్దె మిన్నంటే పండుగ రోజులలో, సక్రమమైన విడిది స్థలం ముందే ఖరారైనప్పుడు క్యారవాన్ పరిశీలింపదగినది. అద్దె మాట్లాడేటపుడు రోజుకు ఎంత అని అడగడంతో సరిపెట్టక, కనీస కిలోమీటర్లు, ఇంధనం, బత్తా, రాత్రి ఆగే చోటు, మురుగు తొట్టి శుభ్రపరచే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తెలుసుకొనడం యాత్రికులకు మేలు. మురుగు తొట్టి ఖాళీ చేసే చోటు చూపకుండా క్యారవాన్‌కు స్వాగతం పలికితే, యాత్రికుడు మిగుల్చుకొన్న సొమ్ము భారం చివరకు చెరువుపైన, ఊరిపైన పడుతుందని అధికార యంత్రాంగం గుర్తించవలసి ఉన్నది.